ఊరూ పేరూ లేని సామాను

1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ రేసు బాట మీద ఒక వింత పరీక్ష జరిగింది. కాడిలాక్ కంపెనీ లండన్ ఏజెంటు మూడు కార్లు తెచ్చి రాయల్ ఆటోమొబైల్ క్లబ్బుకు అప్పగించాడు. క్లబ్బు వాళ్లు మూడింటినీ పూర్తిగా విప్పించి, భాగాలన్నీ ఒకే గుట్టగా కలిపేశారు. అందులోంచి 89 భాగాలు తీసేసి, వాటి బదులు ఏజెంటు దుకాణంలోని కొత్త సరుకు వేశారు. తర్వాత మెకానిక్కులు స్పానర్లూ స్క్రూడ్రైవర్లూ మాత్రమే పట్టుకుని మళ్లీ మూడు కార్లు బిగించారు. ఆకురాయి ముట్టుకోనివ్వలేదు. ఆ మూడూ 500 మైళ్లు తిరిగాయి. ఆ సంవత్సరపు డ్యూవర్ ట్రోఫీ కాడిలాక్‌కు దక్కింది.

పాత కార్ల విడిభాగాల సంగతి ఇక్కణ్నుంచి ఎత్తుకుంటేనే తేలిగ్గా అర్థమవుతుంది. అంతకు ముందు చాలా కార్లలో భాగం అంటే ఆ ఒక్క కారు భాగమే. మిస్త్రీ ఆకురాయితో రాకి, అరగదీసి, ఆ బండిలో కుదిరేలా చేసేవాడు. విప్పినప్పుడు కలగాపులగం కాకుండా దాని మీద బండి నంబరో వరస నంబరో గుద్దేవాడు. ఆ గుద్దు చెప్పేది ఏ బండిలోదన్న సంగతే తప్ప ఏ రకానిదన్న సంగతి కాదు. భాగాలు ఏ బండికైనా మారే సరుకయ్యాకనే రకానికొక పేరు, పార్టు నంబరు అవసరమయ్యాయి. కానీ ఆ నంబరు భాగం ఒంటి మీదే ఉండి తీరాలని ఎవరూ పట్టుబట్టలేదు. స్టోరులో డబ్బా మీద ఉంటే చాలు. మైనపు కాగితం చుట్టిన పొట్లం మీద ఉంటే చాలు. కేటలాగులో బొమ్మ పక్కన ఉంటే చాలు. ఆ తర్వాత డబ్బా పోయింది, పొట్లం చిరిగింది, కేటలాగుకు చెదలు పట్టింది. భాగం మాత్రం మిగిలింది. హైదరాబాద్ జుమ్మెరాత్ బజారులో గోనెపట్టా మీద, విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు వెనక ఇనుప రాకులో, చెన్నై పుదుపేటలో, కోల్‌కతా మల్లిక్ బజారులో, ఇంగ్లండులో 1967 నుంచి జరుగుతున్న బ్యూలీ సంతలో, అమెరికాలో ఏటా అక్టోబరులో కూడే హెర్షీ సంతలో ఇప్పుడు మనకు కనపడేది అదే.

దాన్ని ఎంతవరకు గుర్తుపట్టగలం, గుర్తుపట్టినదానికి ఎంత ఇవ్వొచ్చు? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలన్నట్టు, మొదటిది మెకానిక్కుదీ రెండోది వ్యాపారిదీ అన్నట్టు అందరూ మాట్లాడతారు. నాకు రెండూ ఒకటే అనిపిస్తుంది. అక్కడ అమ్ముడుపోయేది లోహం కాదు, ఆ లోహానికి మనం పెట్టిన పేరు మీద ఉన్న నమ్మకం. ఆ నమ్మకానికి మెట్లున్నాయి. మన బజార్లు మాత్రం రెండే ధరలు ఎరుగుతాయి: పేరు చెప్పగలిగితే ఒరిజినల్ ధర, చెప్పలేకపోతే కిలో ధర. మంచి సరుకు తుక్కులో కలవడానికీ, తుక్కు మంచి సరుకుగా అమ్ముడుపోవడానికీ కారణం ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీయే.

గుర్తు లేదని చెప్పే సామానులో చాలాదానికి నిజానికి గుర్తు ఉంటుంది. గ్రీజు కింద, పెయింటు కింద, తుప్పు కింద. దాన్ని బయటపెట్టే హడావిడిలోనే చాలామంది దాన్ని చెరిపేస్తారు. గ్రైండరుకు వైరు బ్రష్షు తగిలించి మెరిసేదాకా రుద్దితే లోతు తక్కువ గుద్దులు, లేత నికెల్ పూత, ఫ్యాక్టరీ నాటి నలుపు అన్నీ ఒక్క నిమిషంలో పోతాయి. కిరసనాయిల్లో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తుడిచి, టార్చి వెలుగు పక్కవాటుగా పడేలా పట్టి చూడాలి. పల్చటి కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దితే కంటికి ఆనని అంకె కాగితం మీదికి వస్తుంది. దీనికి ఖర్చేమీ లేదు. అయినా అమ్మేవాళ్లలో ఈ పని చేసేవాళ్లు తక్కువ, ఎందుకంటే కొనేవాళ్లు మెరుపు చూసి కొంటారు.

అంకె దొరికాక రెండో చిక్కు మొదలవుతుంది: అది దేని అంకె? పోతలో ఉబ్బెత్తుగా వచ్చింది పోత నంబరు. అది అచ్చుకు చెందినది, తయారైన వస్తువుకు కాదు. ఒకే పోతకు వేర్వేరు చోట్ల బెజ్జాలు వేసి మూడు నాలుగు రకాల భాగాలు తీయొచ్చు. పోత నంబరు అన్నిటికీ ఒకటే, పార్టు నంబర్లు మాత్రం వేరు. ఈ తేడా తెలియక జరిగే బేరాలకు లెక్కలేదు. ఎస్‌యూ కార్బొరేటరే తీసుకోండి. స్కిన్నర్ సోదరులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రూపొందించిన ఈ కార్బొరేటరు, 1926లో కార్ల తయారీదారు మోరిస్ చేతికి వచ్చాక బ్రిటిష్ కార్లలో చాలావాటిని ఏలింది. అది ఏ బండిదో చెప్పే ఎయూసీ నంబరు ఒక చిన్న ఇత్తడి బిళ్ల మీద ఉండేది. ఆ బిళ్లను ఫ్లోటు డబ్బా మూత మర కింద ఇరికించేవాళ్లు. మొదటిసారి ఓవర్‌హాలింగ్ చేసిన మెకానిక్కు దాన్ని నేల మీద పడేశాడు, తర్వాత ఎవరో ఊడ్చేశారు. ఇప్పుడు బాడీ మీద మిగిలిన ఎయూసీ అంకెలు పోత నంబర్లు; వాటిని పట్టుకుని ఇది ఫలానా కారు కార్బొరేటరు అనడం ఇంటి నంబరు బదులు ఊరి పిన్‌కోడు చెప్పడం లాంటిది.

అయితే బిళ్ల పోయినంత మాత్రాన ఎస్‌యూ మూగబోదు. హెచ్2, హెచ్4, హెచ్6 అనే పేర్లలోని అంకె అంగుళం మీద ఎన్ని ఎనిమిదో వంతులో చెబుతుంది: హెచ్4 గొట్టం అంగుళంన్నర, హెచ్6 అంగుళం ముప్పావు. వెర్నియరుతో గొట్టం కొలిస్తే రకం తేలుతుంది. జెట్టు బెజ్జం కొలిస్తే ఇంకొంత తేలుతుంది. ఫ్లోటు డబ్బా ఎడమనా కుడినా, ఎంత వాలులో ఉంది అన్నది ఇంజను పక్కన అది కూర్చున్న తీరు చెబుతుంది. లోపలి సూది మొదట్లో అక్షరాలుంటాయి, అవి అరిగిపోతే సూదిని అంగుళంలో ఎనిమిదో వంతుకొకచోట కొలిచి పట్టికతో పోల్చొచ్చు. సూది మాత్రం మార్చేసి ఉండొచ్చు, కాబట్టి సూది సాక్ష్యాన్ని చివర్లో వినాలి. ఇన్ని చేశాక కూడా ఒక్కోసారి రెండు మూడు మోడళ్ల దగ్గరే ఆగిపోతాం. ఆగడం ఓటమి కాదు, అది కూడా ఒక మెట్టే.

కొందరు తయారీదార్లు ఎక్కువ దయతలిచారు. బర్మింగ్‌హామ్ లూకస్ వాళ్లు డైనమోల మీద, సెల్ఫ్ మోటార్ల మీద, డిస్ట్రిబ్యూటర్ల మీద రకం కోడుతో పాటు నెల, సంవత్సరం గుద్దేవాళ్లు. 4 53 అని ఉంటే 1953 ఏప్రిల్. షెవర్లే పోతల మీద నెలకొక అక్షరం, తేదీ, సంవత్సరం చివరి అంకె ఉంటాయి: సి 14 6 అంటే మార్చి 14, చివరి అంకె ఆరున్న సంవత్సరం. అది 1956నా, 1966నా? అది పోత నంబరే చెప్పాలి. ఒక గుర్తు మీద ఆధారపడకుండా రెంటిని ఒకదానితో ఒకటి తనిఖీ చేయడమంటే ఇదే. స్మిత్స్ స్పీడోమీటరు డయలు మీద సన్నటి అంకెల్లో మైలుకు కేబులు ఎన్ని చుట్లు తిరగాలో రాసి ఉంటుంది. దాన్ని టైరు కొలతతో, వెనక ఆక్సిల్ నిష్పత్తితో కలిపి లెక్కేస్తే ఏ బండికి కుదురుతుందో కాగితం మీదే తేలిపోతుంది. బేరింగు మీది అంకె మాత్రం బేరింగు గురించి తప్ప ఇంకేమీ చెప్పదు: 6205 అంటే లోపలి బెజ్జం 25 మిల్లీమీటర్లు, ఇప్పటికీ ఏ బేరింగుల షాపులోనైనా దొరుకుతుంది. దానికి వింటేజి ధర అడిగేవాడికి నవ్వి నమస్కారం పెట్టడమే.

ఒంటి మీద నిజంగానే ఏమీ లేకపోతే మరలను చదవాలి. నా దృష్టిలో ఈ విద్య మొత్తంలో అతి నమ్మకమైన అధ్యాయం ఇదే, అతి తక్కువమంది చదివే అధ్యాయం కూడా ఇదే. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మరకు పంటి కోణం 55 డిగ్రీలు. అమెరికా మరలకూ మెట్రిక్ మరలకూ 60. బ్రిటిష్ ఎలక్ట్రికల్ సామానులో కనిపించే చిన్న బీఏ మరలకు 47.5. పావు అంగుళం బోల్టు పట్టుకుని మరల గేజీ ఆనిస్తే అంగుళానికి 26 చుట్లు ఉంటే బ్రిటిష్ సన్న మర బీఎస్ఎఫ్, 28 ఉంటే ఉమ్మడి సన్న మర యూఎన్ఎఫ్. 20 ఉంటే మాత్రం జాగ్రత్త: విట్‌వర్త్ ముతక మర బీఎస్‌డబ్ల్యూకీ, ఉమ్మడి ముతక మర యూఎన్‌సీకీ రెంటికీ అంతే, కోణం ఒక్కటే తేడా. ఒకదాన్లో ఒకటి బిగుస్తాయి, సరిపోయిందనిపిస్తుంది, పంటికి పన్ను ఆనదు. బ్రిటన్, అమెరికా, కెనడాలు ఉమ్మడి మరలకు ఒప్పుకున్నది 1940ల చివర్లో. బ్రిటిష్ కార్లలో అవి పరుచుకున్నది 1950ల్లో. కాబట్టి బ్రిటిష్ భాగానికి ఫ్యాక్టరీ వేసిన యూఎన్ఎఫ్ బెజ్జం ఉంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బండి కథ చెప్పేవాణ్ని అక్కడే ఆపొచ్చు. అదే బండి డైనమోలో బీఏ మరలుంటే కంగారు పడక్కర్లేదు, ఎలక్ట్రికల్ వాళ్లు చాలాకాలం పాత అలవాటు వదల్లేదు.

మర చూసి దేశం చెప్పొచ్చన్న ఈ సూత్రానికొక గొప్ప మినహాయింపు ఉంది, అది తెలిసినవాడికి డబ్బు కూడా తెచ్చిపెడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు ఆయుధాల కంపెనీ హాచ్‌కిస్ ఇంగ్లండులోని కవెంట్రీలో ఫ్యాక్టరీ పెట్టింది. యుద్ధం తర్వాత అది మోరిస్‌కు ఇంజన్లు చేసిచ్చింది. 1923లో మోరిస్ ఆ ఫ్యాక్టరీనే కొనేశాడు. యంత్రాలన్నీ ఫ్రెంచి మెట్రిక్ మరలు కోసేవి, మార్చడం ఖర్చు. బ్రిటిష్ మెకానిక్కుల దగ్గరేమో విట్‌వర్త్ స్పానర్లే ఉండేవి. అందుకని మర మెట్రిక్‌లోనూ, బోల్టు తల విట్‌వర్త్ స్పానరు కొలతలోనూ చేశారు. ఆ వింత కలయిక ఎంజీ టీ వరస కార్ల ఎక్స్‌పీఏజీ ఇంజను దాకా, అంటే 1950ల నడిమి దాకా నడిచింది. 8 మిల్లీమీటర్ల మందం, ఒక మిల్లీమీటరు పిచ్, తల మాత్రం విట్‌వర్త్: ఈ మూడూ ఒక బోల్టులో కనపడితే అది ఎక్కడి బోల్టో ఇంక అడగనక్కర్లేదు. తుక్కులో దాన్ని ఎవరూ ఏరుకోరు, స్పానరు పడుతుంది కానీ నట్టు పట్టదని విసిరేస్తారు. ఎంజీ టీసీ బాగుచేసుకునేవాడు దాని కోసం సముద్రాలవతల నుంచి పార్సిలు తెప్పించుకుంటాడు.

మరల మీద కూడా గుడ్డి నమ్మకం పనికిరాదు. అరిగిన బెజ్జానికి ఎవరో టాపు వేసి పెద్దది చేసి ఉండొచ్చు. మన దగ్గర దొరికిన బోల్టుకే బెజ్జం సరిచేసే మిస్త్రీలకు కొదవ ఎప్పుడూ లేదు. అందుకే నలుగురికీ కనపడే బెజ్జాన్ని కాక, ఎవరూ విప్పడానికి కారణం లేని బెజ్జాన్ని కొలవాలి.

ఆ తర్వాతి వంతు లెక్కలది. క్రౌన్, పినియన్ల పళ్లు లెక్కపెట్టి భాగిస్తే నిష్పత్తి వస్తుంది. 41కి 9 అయితే 4.55, మోరిస్ మైనరు చాలాకాలం వాడినది. 38కి 9 అయితే 4.22, దాని చివరి 1098 సీసీ బండ్లది. ఎంజీ టీసీ, టీడీలకు 41కి 8, అంటే 5.125, టీఎఫ్‌కు 39కి 8, అంటే 4.875. నేటి రోడ్ల మీద ఇంజను గొంతు చించుకోకుండా పోవాలనుకునే టీడీ యజమాని ఆ చిన్న నిష్పత్తి కోసం వెతుకుతాడు. రెండు పళ్ల తేడాతో ధర మారిపోతుంది, చూపులకు రెండూ ఒకలాగే ఉంటాయి. పిస్టన్ల దగ్గర ఇంకో మెలిక. అంబాసిడర్ 1489 సీసీ ఇంజను బోరు రెండు అంగుళాల ఏడు ఎనిమిదో వంతులు, ఫియట్ 1100 బోరు 68 మిల్లీమీటర్లు. కానీ చేతికొచ్చిన పిస్టను ట్వంటీయో ఫార్టీయో సిక్స్‌టీయో ఓవర్‌సైజు అయి ఉండొచ్చు. అందుకని బోరు కంటే పిన్ను మందమూ, పిన్ను నుంచి పిస్టను తల దాకా ఎత్తూ మంచి సాక్షులు. రీబోరింగుకు అవి మారవు. మాగ్నెటో అయితే తిరిగే దిక్కు, స్పిండిలు ఎత్తు, స్పార్కు తీగల సంఖ్య చూసుకోవాలి. నాలుగు సిలిండర్ల ఇంజనుకు మాగ్నెటో ఇంజను వేగంతోనే తిరుగుతుంది, ఆరింటికి ఒకటిన్నర రెట్లు. ఫోర్డ్ మోడల్ టీ ప్లగ్గుకు అరంగుళం పైపు మర ఉంటుంది, కార్ల ప్లగ్గుల్లో అంత వింతది అరుదు కాబట్టి ఆ హెడ్డు పోల్చుకోవడానికి క్షణం పట్టదు.

లోహం చెప్పే తేదీలు స్థూలమైనవే, అయినా వినాలి. పసుపు ఛాయ ఉన్న వెచ్చటి మెరుపు నికెల్‌ది, నీలి ఛాయ ఉన్న చల్లటి మెరుపు క్రోమ్‌ది. క్రోమ్ కార్ల మీదికి వచ్చింది 1920ల చివర్లో. మోడల్ టీ ఇత్తడి రేడియేటరు 1916 మోడలుతో ఆఖరు. అమెరికా కార్లకు దాదాపు అన్నిటికీ 1940 మోడళ్ల నుంచి చాలా ఏళ్లు ఏడంగుళాల సీల్డ్ బీమ్ హెడ్‌లైటే, కాబట్టి అలాంటి గుర్తులేని లైటు పట్టుకుని ఇది ప్యాకార్డ్‌ది అనేవాడి మాటకు, ఇది ప్లిమత్‌ది అనేవాడి మాటకు బరువు సమానమే. 1920, 30ల నాటి జింకు పోతలకు ఒక జబ్బుంది. సీసం లాంటి మలినాలు కలిసిన జింకు ఏళ్లు గడిచేకొద్దీ లోపల్నుంచి ఉబ్బి, పగిలి, చేతిలో పొడి అవుతుంది. 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ అతి శుద్ధమైన జింకుతో జమాక్ మిశ్రమాలు తెచ్చాక ఈ బెడద తగ్గింది. వంగిన, సన్నటి గీతలు పడ్డ కార్బొరేటరు బాడీకి పేరు ఎంత గొప్పదైనా వాడుకునే విలువ లేదు. కొలతలు తీసుకోవడానికి నమూనాగా మాత్రమే పనికొస్తుంది, ఆ ధరే ఇవ్వాలి.

నకలును పట్టుకునే ఉపాయం కూడా లోహంలోనే ఉంది. కరిగించిన లోహం గడ్డకట్టి చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది: పోత ఇనుము సుమారు ఒక శాతం, అల్యూమినియం ఒకటిముప్పావు లోపు, ఇత్తడి ఒకటిన్నర దాకా. ఫ్యాక్టరీ అచ్చు చేసేవాడు ఆ మేరకు అచ్చును పెద్దది చేస్తాడు. నకలు తీసేవాడు అసలు భాగాన్నే ఇసుకలో ఒత్తి పోస్తే, వచ్చేది అసలు కంటే చిన్నది. 300 మిల్లీమీటర్ల మూతలో మూడు నాలుగు మిల్లీమీటర్లు మాయమవుతాయి. బెజ్జాలు మళ్లీ డ్రిల్ చేస్తారు కనుక అవి కుదురుతాయి. లోహపు అంచు నుంచి అంచుకు కొలవాలి. అక్షరాల మూలలు కరిగినట్టు మొద్దుబారి ఉంటాయి. ఈ పరీక్షకు ఒక వెర్నియరు, ఒక అసలు భాగం కొలత చాలు.

ఇక ధర. అరుదైనది ఖరీదైనది అన్న నమ్మకం ఈ వ్యాపారంలో అన్నిటికన్నా పెద్ద భ్రమ. భాగం అరుదు కావడం కాదు, దాని కోసం ఆగిపోయిన బండ్లు ఎన్ని ఉన్నాయన్నది ప్రశ్న. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించింది. యుద్ధానికి ముందు మన జమీందార్ల షెడ్లలో బ్యూక్, షెవర్లే, డాడ్జ్, ఓవర్‌లాండ్ బండ్లు తిరిగాయి. వాటి భాగాలు నేటికీ తుక్కులో తేలతాయి. ఓవర్‌లాండ్ గేర్‌బాక్సు మూత ఎంత అరుదైనదైనా, దాన్ని కావాలనే బండి దేశంలో ఒకటి రెండే మిగిలితే దాని ధర ఆ ఒకరిద్దరి ఇష్టం. కోటీ యాభై లక్షల మోడల్ టీలు తయారయ్యాయి, భాగాలు కొల్లలు, నకళ్లు ఇంకా కొల్లలు. అయినా రోజూ ఎవరికో ఒకరికి కావాలి కాబట్టి దానికి ఒక స్థిరమైన ధర ఉంది. రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టులు ఎనిమిది వేలకు లోపే తయారయ్యాయి, వాటిలో చాలా ఇంకా బతికే ఉన్నాయి, యజమానులకు డబ్బుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో జనం చూసే పసుపు రంగు రోల్స్ లాంటి బండికి ఒక చిన్న బ్రాకెట్టు తక్కువైతే బజారు ధర అన్న మాటే వర్తించదు.

ధరకు పైకప్పు వేసేది కొత్తగా చేయించే ఖర్చు. లేతు మీద రెండు రోజుల్లో తీయగల బుష్షుకు, షాఫ్టుకు ఆ కూలి కంటే ఎక్కువ ఇవ్వడం సెంటిమెంటు. పోత పోసి మిల్లింగ్ చేయాల్సిన వాటికి పైకప్పు ఎత్తుగా ఉంటుంది. చేయించలేని వాటికి పైకప్పే లేదు: గాజు లెన్సులు, డయళ్లు, బేక్‌లైట్ మూతలు, ఒత్తిడితో పోసిన పల్చటి అలంకారాలు. మామూలు కొనుగోలుదారు ఇంజను భాగం చూసి ఎగబడతాడు, నిజంగా దొరకనిది హెడ్‌లైటు రిమ్ము. మంచి నకలు బజారులోకి వచ్చిన రోజు పాత, అరిగిన అసలుకు ధర పడిపోతుంది. వాడని అసలుకు మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే ఇప్పుడు దాన్ని కొనేది బండి నడపడానికి కాదు.

నమ్మకపు మెట్ల లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఒక భాగం నిజంగా ఫలానా అయితే పది వేలు, కాకపోతే రెండు వందల ఇనుము అనుకుందాం. మరలు, కొలతలు, లోహం చూశాక సగం నమ్మకం కుదిరింది. అంటే లెక్క ప్రకారం అయిదు వేల వంద. తెప్పించుకునే ఖర్చు, కుదరకపోతే మళ్లీ అమ్ముకునే తిప్పలు తీసేస్తే నాలుగు వేలకు మించి ఇవ్వకూడదు. పది వేలు అడిగేవాడూ అన్యాయమే, రెండు వందలకు లాక్కునేవాడూ అన్యాయమే. "కుదరకపోతే వాపసు తెచ్చెయ్యండి సార్" అనే వ్యాపారి పది వేలు అడగొచ్చు, ఎందుకంటే అనుమానం బరువు తనే మోస్తున్నాడు. ఆ ఒక్క షరతు మన ఆటోనగర్లలో ఒరిజినల్ అనే మాట కంటే వెయ్యి రెట్లు నికరమైన హామీ. ఆ మాట ఇవ్వని చోట బండి పేరు చెప్పి అడిగే ధరంతా వట్టి ఆశ ధర.

పేరుకు ధర ఉన్నచోట పేరు అతికించేవాళ్లూ ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో జీపులను విల్లీస్ కంపెనీ, ఫోర్డ్ కంపెనీ రెండూ ఒకే నమూనాలో చేశాయి, మొత్తం ఆరు లక్షలకు పైగా. ఫోర్డ్ తన జీపు భాగాల మీద, ఆఖరికి బోల్టు తలల మీద కూడా ఎఫ్ అక్షరం వేసింది. యుద్ధం ముగిశాక మిలిటరీ డిస్పోజల్స్‌లో ఇవి మన దేశమంతా చెల్లాచెదురయ్యాయి. పనికి ఎఫ్ ఉన్న బోల్టూ లేని బోల్టూ ఒకటే. సంగ్రహించేవాడికి మాత్రం ఎఫ్ ఉన్నదానికి ఎన్నో రెట్లు ధర. అందుకే ఎఫ్ గుద్దిన బోల్టులు ఈ రోజు కొత్తగా తయారవుతున్నాయి. తెలివైన మోసం ఇంకోలా ఉంటుంది: నకలును నకలుగా అమ్మరు, గుర్తు లేని అసలుకు ఇంకో గొప్ప బండి నంబరు గుద్దుతారు. 1921 నుంచి 1931 దాకా డబ్ల్యూ.ఓ. బెంట్లీ కంపెనీ చేసిన కార్లు మూడు వేల పైచిలుకు. వాటి గేర్‌బాక్సుకు, ఆక్సిల్‌కు ఏ నంబరుందన్నది కారు ధరను మార్చేస్తుంది. అందుకే బుగాటీ, బెంట్లీ నిపుణులు అంకెను చదివే ముందు అంకె ఆకారాన్ని చదువుతారు: పంచ్ ముక్కు ఎలాంటిది, వరస ఎంత వంకర, గుద్దు చుట్టూ లోహం లేచిన గట్టు పాతబడిందా, దాని కింద ఇంకో అంకె నీడ ఉందా. చేతిలో పట్టే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం ఈ మధ్య ఈ పనిలోకి వచ్చింది. అది మిశ్రమంలో ఏ లోహం ఎంత ఉందో క్షణంలో చెబుతుంది. 1925 నాటి అల్యూమినియం అని అమ్మేదాంట్లో నేటి చక్రాల తుక్కు కరిగించిన పాళ్లు కనపడితే బేరం అయిపోయినట్టే.

మన దగ్గర ఈ సమస్యకు సొంత రంగు ఉంది. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో వరసగా పుట్టి 2014 దాకా ఉత్తరపారాలో తయారవుతూనే వచ్చింది. ఫియట్ 1100 మన కుర్లాలో ప్రీమియర్ పద్మినిగా ఇరవయ్యో శతాబ్దం చివరి దాకా నడిచింది. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ తయారైంది. మద్రాసు ఇండియా పిస్టన్స్, పాడిలోని లూకస్-టీవీఎస్, బెంగళూరులోని మైకో లైసెన్సు మీద విదేశీ డిజైన్ల భాగాలు దశాబ్దాల పాటు చేశాయి. అంటే ఇంగ్లండులో 1958 నాటిదిగా తేలిపోయే ఆకారం ఇక్కడ 1985 నాటిదై ఉండొచ్చు. ఆకారం తేదీ చెప్పదు. అది లోపమే కాదు, మన అదృష్టం కూడా: ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ యజమానులు అంబాసిడర్ సామాను వైపు చూస్తారు. కానీ అక్కడి తేదీల పట్టికలను కళ్లు మూసుకుని ఇక్కడి రాకుల మీద పరచడం తప్పు. ఇక్కడి మిస్త్రీ భాగాన్ని చేత్తో తిప్పి "ఇది ల్యాండ్‌మాస్టర్‌ది కాదన్నా, అంబాసిడర్ మార్క్ టూది" అంటాడు. చాలాసార్లు నిజమే చెబుతాడు. ఆ జ్ఞానాన్ని గౌరవించడం అంటే కొలిచి చూడటమే, కళ్లకద్దుకుని కొనడం కాదు.

ప్రభుత్వం కూడా తెలియకుండా ఈ బజారులోకి దిగింది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించి, మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను పెట్టారు. నంబరులో వీఏ అక్షరాలు, కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము ఇరవై వేలు. షరతు ఒకటే ముఖ్యం: బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. ఆ ఒక్క మాటతో నిన్నటిదాకా ఏదో ఒకటి తగిలిస్తే చాలనుకున్న యజమాని ఇప్పుడు సరైన భాగం వెతుకుతున్నాడు. వెతికేవాడు పెరిగాడు, రుజువు అడిగే అలవాటు మాత్రం ఇంకా రాలేదు. గుర్తులేని భాగానికి గుర్తు పుట్టించేవాళ్లకు ఇంతకన్నా మంచి కాలం ఉండదు.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఆమోదించిన టురిన్ చార్టరు ఒక సూచన చేసింది: బండిని పునరుద్ధరించేటప్పుడు కొత్తగా చేసి పెట్టిన భాగాలకు చెరగని, కంటికి అడ్డుపడని గుర్తు వేయాలి. దాన్ని మన ఫౌండ్రీలు, లేతు షాపులు తలకెత్తుకోవాలని నా వాదన. ఇప్పుడు అసలు భాగాన్ని స్కాను చేసి, కుంచింపుకు సరిపడా పెంచి, కంప్యూటరు నుంచి నేరుగా ఇసుక అచ్చు ముద్రిస్తున్నారు. అలా పోసిన ముక్క దగ్గర వెర్నియరు పరీక్ష ఓడిపోతుంది, మరలు సరిగ్గానే ఉంటాయి, మిశ్రమం కూడా కావాలంటే కుదర్చవచ్చు. మంచి మనసుతో చేసిన ఆ భాగం చేసినవాడి షెడ్డు దాటి రెండు చేతులు మారిందంటే మళ్లీ ఊరూ పేరూ లేని సామానే, ఈసారి కనిపెట్టడం మరీ కష్టం. లోపలి వైపు, గాస్కెట్టు కింద పడేచోట, చేసినవాడి పేరులో రెండక్షరాలు, సంవత్సరం: పంచ్‌తో నాలుగు దెబ్బలు. విప్పి తీసిన అసలు భాగానికైతే ఆ పాటి దెబ్బ కూడా వద్దు. ఏ బండి నుంచి, ఏ చాసిస్ నంబరు నుంచి, ఏ వైపు నుంచి తీశారో రేకు బిళ్ల మీద గీకి తీగతో కట్టాలి. ఎస్‌యూ వాళ్ల ఇత్తడి బిళ్లలా మర కింద పెట్టొద్దు.